మల్కిభరాముడును అహోబిలమును
(కొమర్రాజు వేంకట లక్ష్మణరావు స్మారకోపన్యాసము)



లక్ష్మణరావు పంతులుగారి పేర జరుగు సభలో చరిత్రవిషయము తప్ప మరియొకటి మాట్లాడుట నాకు ఉచితముగా తోచలేదు. 1877లో పెనుగంచిప్రోలున పుట్టి, నాగపురమున చదివి, మునగాల సంస్థానమున దివానుగా నుండియే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకును, 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకును పూనుకొని, ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును భుజాల కెత్తుకొని, ఆ మహాకార్యము ముగియకమునుపే 1923లో అస్తమించిన ఆ మహనీయుడు తెలుగువారికి నేర్పిన మొదటి పాఠము, కథ చెప్పుటకు ముందు శాసనము చదువవలెనని. ఆయన హిందూదేశ చరిత్రమును తెలుగున వ్రాయబూని ఒక భాగమునకు హిందూ మహాయుగమనియు, వేరొక భాగమునకు మహమ్మదీయ మహాయుగమనియు పేరులు పెట్టెను. ఆ కాలమున అందరును అట్లే విభజించిరి. అయినను ఆయన నేర్పిన శాసనపఠనమునే ముందుంచుకొని చూచినచో, ఆయన పెట్టిన ఆ విభాగరేఖ పలుచోట్ల నిలువదని ఆయన పేరు చెప్పుకొనుచునే మనవి చేయుట నాకు గురుద్రోహముగా తోచుటలేదు. పాలకుని మతమునుబట్టి యుగమునకు పేరు పెట్టినచో, ఆ యుగమున దేవాలయమున కేమి జరిగినదో పుట విప్పకముందే మనము నిర్ణయించుకొన్నవార మగుదుము.

ఇట్టి నిర్ణయములకు లొంగని ఒక రాజును గూర్చి నేడు విచారింతము. ఆయన గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా. తెలుగు కవులకు మల్కిభరాముడు. 1550 మొదలు 1580 వరకు ముప్పదేండ్లు రాజ్యమేలినవాడు. ఈ రాజు దేవాలయములపట్ల ఎట్లు ప్రవర్తించెను అను ప్రశ్నకు మనలో రెండు సమాధానములు వాడుకలో నున్నవి. తెలుగు సాహిత్యచరిత్ర చదివినవారు ఆయనను ఆంధ్రభాషా పోషకునిగను, పరమత సహిష్ణువుగను కీర్తింతురు. విజయనగర పతనమును చదివినవారు ఆయన పేరు 1565 జనవరిలో రక్కసి–తంగడి యుద్ధమున రామరాయల నోడించిన సుల్తానులలో చూచి, అటుపిమ్మట అహోబిలమును తలచుకొని, పండ్లు కొరుకుదురు. ఇరువురును నిజమే చెప్పుచున్నారు. ఒకరు చెప్పు నిజమును రెండవవారు ఎరుగనట్లు నటించుటయే ఈ వివాదమునకు పట్టిన దోషము.

మొదట కవుల పక్షమున ఉన్న సామగ్రి చూతము. సుల్తాన్ కులీ కుతుబుల్ ముల్కు 1543లో హత్యకు గురికాగా, కుమారుడు జంషీదు గద్దెనెక్కెను. పిన్నవాడగు ఇబ్రహీము ప్రాణభీతిచే బీదరుకును, అక్కడినుండి విజయనగరమునకును పారిపోయి, అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపెను. ఈ ఏడేండ్లు అతని యౌవనమును మలచిన కాలము. తెలుగు ప్రబంధము పరువము దాటని రోజులలో, భువనవిజయపు మాట ఇంకను చెవుల మ్రోగుచున్న నగరమున, హంపీ తేరులను కన్నులార చూచుచు పెరిగిన రాజకుమారుడు గోలకొండకు తిరిగివచ్చినప్పుడు తెలుగును తనతో తెచ్చుకొనుటలో వింత లేదు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానము నాయనకు అంకితమిచ్చెను. నిరంకుశోపాఖ్యానమును, సుగ్రీవవిజయమును వ్రాసిన కందుకూరి రుద్రకవికి ఆయన చింతలపాలెము నగ్రహారముగా నిచ్చెనని మన సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. ప్రభువు చూపిన త్రోవనే ఉద్యోగులును నడచిరి. పటాన్‌చెరువున నుండిన అమీను ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్ర మంకితము చేసెను. అచ్చతెనుగున వెలసిన మొదటి కావ్యమునకు ఒక ముసల్మాను కృతిపతి యగుట నా మటుకు నాకు ఎన్నిసార్లు తలచుకొన్నను సంతోషమునే కలిగించును.

ఒక ముసల్మాను సుల్తాను భారతకథను కోరి, బ్రాహ్మణకవిచే చెప్పించుకొని, తన వంశమును ప్రబంధమర్యాదలో వర్ణింపించుకొని, షష్ఠ్యంతములలో కృతిపతిగా నిలిచినాడనగా, అది సామాన్యమైన సంగతి కాదు. అవతారిక యనునది మన కావ్యములలో రాజునకు ధర్మపీఠము వంటిది. అందు కూర్చుండుటకు అంగీకరించినవాడు ఆ ధర్మపు మాటలతో తన్ను కొలిపించుకొనుటకును అంగీకరించినవాడే. అయితే అవతారిక ఎంతవరకు సాక్ష్యమో కూడ చెప్పవలెను. కృతిపతిని పొగడుట కవి వృత్తి. కృతి చేతబట్టుకొని వచ్చినవాడు, ఆ ప్రభువు కృష్ణకు దక్షిణమున ఏ కోవెలకు ఏమి చేసెనో వ్రాయడు. కావున తపతీ సంవరణమునుబట్టి మల్కిభరాముని రసికతను నిర్ణయింపవచ్చును గాని, ఆయన దండు దారిలోనున్న దేవళముల క్షేమమును నిర్ణయింపరాదు.

ఇక అహోబిలము.

నల్లమల నడుమ, భవనాశిని యొడ్డున, ఎగువ దిగువ క్షేత్రములుగా నెలకొన్న ఆ నారసింహస్థానమునకు విజయనగర ప్రభువులతో నున్న సంబంధము ప్రసిద్ధమే. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సందర్భమున, 1515వ సంవత్సరాంతమున, అక్కడికి వచ్చి స్వామికి హారమును, వజ్రపు పతకమును, కెంపుల కంకణములను, బంగారు పళ్ళెరమును, వేయి వరహాలను సమర్పించినట్లు అక్కడి శాసనమే చెప్పుచున్నది. ఈ కెంపులను శ్రోతలు జ్ఞాపకముంచుకొన ప్రార్థించుచున్నాను. అరువదినాలుగేండ్లు గడచినవి. 1579లో ఇబ్రహీము సేనాని మురహరిరావు, మహారాష్ట్ర బ్రాహ్మణుడు, కృష్ణ దాటి దక్షిణమున దండు నడపుచు అహోబిలమును కొల్లగొట్టి, కెంపులు పొదిగిన విగ్రహమును గోలకొండకు కొనిపోయి సుల్తానునకు సమర్పించెను. ఈ మాట చెప్పుచున్నది విజయనగర పక్షపు కవి కాదు, భక్తుడు కాదు. గోలకొండ గద్దెమీద నున్న అదే వంశపు ప్రభువు కాలమున, 1617 ప్రాంతమున, పారసీకమున వ్రాయబడిన కుతుబ్ షాహీ వంశచరిత్రమే చెప్పుచున్నది. దాచదలచినవాడు దాచును. ఈ గ్రంథకర్త దాచలేదు, ప్రభువు విజయములలో నొకటిగా లెక్కవేసి వ్రాసినాడు.

ఎదుటి పక్షమునుండి నిలిచిన సాక్ష్యము అహోబిలమందలి శక 1506 నాటి, అనగా 1584 ప్రాంతపు, తెలుగు శాసనము. నేటి వాదములలో పాల్గొనువారు ఒక్కసారియైన ఈ శాసనమును పదపదము చదువవలెనని నా కోరిక. ఇబ్రహీము పేరు అందు స్పష్టముగానున్నది. ఆయనతో కూడి సీమను ఆక్రమించినవారుగా హండె నాయకుల పేరును స్పష్టముగానే యున్నది. హండెవారు అనంతపుర ప్రాంతమున ప్రసిద్ధులైన హిందూ పాళెగాండ్రు. అయిదారేండ్లు ఆ స్థలము వారి వశమున నుండినదనియు, మఠాధిపతియగు శఠగోప జియ్యరు శ్రీరంగరాయలకు మొర పెట్టుకొనగా కొండ్రాజు వేంకటరాజు మొదలగువారు శత్రువులను వెడలగొట్టి ఆలయమును ఉద్ధరించిరనియు ఆ శాసన తాత్పర్యము. 1579కిని 1584కిని నడుమ నెన్నేండ్లో వ్రేళ్ళమీద లెక్కించుకొనుడు. గోలకొండలో కూర్చున్న పారసీక లేఖకుడును, నల్లమలలో రాతిమీద చెక్కించిన వైష్ణవుడును ఒకరినొకరు చూడకయే ఒకే కాలమును చెప్పుచున్నారు. దోచినవాని పక్షమును, దోపిడికి గురియైనవాని పక్షమును ఇంత చక్కగా ఏకీభవించిన ఘట్టములు మన మధ్యయుగ చరిత్రలో అరుదు. ఇది జరిగినది. జరుగలేదనుటకు ఎవరికిని అధికారము లేదు.

జరిగినదని ఒప్పుకొన్న తరువాతనే అసలు వాదము మొదలగుచున్నది. మల్కిభరాముని పక్షమువారు రెండు సమాధానములు చెప్పుదురు. సేనాని బ్రాహ్మణుడు, సహాయకులు హిందువులు గనుక ఇది మతవిషయము కాదని మొదటిది. ఆ కాలమున దేవాలయము రాజచిహ్నము, ధనాగారము. శత్రురాజు కొలిచిన దేవుని కొనిపోవుట శత్రువు ప్రతాపమును కొనిపోవుటయే గనుక ఇది రాజనీతి యని రెండవది.

మొదటి సమాధానమును నేను తేలికగా త్రోసిపుచ్చను, పూర్తిగా అంగీకరింపను. మురహరిరావు జన్మముచే బ్రాహ్మణుడగుట వలన ఒక సంగతి తేలుచున్నది: ఆ దండు మతమునుబట్టి కూడిన దండు కాదు, జీతమును, జాగీరును, విజయమును బట్టి కూడినది. నారసింహుని గర్భగుడిలో కాలు మోపిన సేనాని ఆ నారసింహుని నామము సంధ్యావందనమున జపించు కులమునందు పుట్టినవాడే. హిందువులెల్ల ఒకవైపు, ముసల్మానులెల్ల ఒకవైపు నిలిచి ఆ శతాబ్దమున పోరిరని చెప్పువారికి ఇంతకు మించిన అడ్డుగోడ లేదు. కాని సేనాని కులము ప్రభువును నిర్దోషిని చేయదు. విగ్రహము చేరినది గోలకొండ దర్బారునకు. అందుకొన్నది ఇబ్రహీము. ఆ క్షేత్రము పరాధీనమైనది ఆయన పేరనే. చాకిరి చేసినవాని జాతి చెప్పి యజమానుని పాలు తగ్గించుట న్యాయస్థానమున చెల్లదు, చరిత్రయందును చెల్లరాదు.

రెండవ సమాధానమునకు బలమెక్కువ. దానిని నిజముగా పరీక్షింపదలచినవాడు కృష్ణదేవరాయల దగ్గరకు పోవలెను. ఉదయగిరిని ప్రతాపరుద్ర గజపతినుండి గెలిచిన రాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనివచ్చి, 1515లో కృష్ణస్వామి ఆలయమున ప్రతిష్ఠించెను. ఓడిన రాజు దేవుని గెలిచిన రాజు తన పట్టణమునకు తెచ్చుకొనుట హిందూరాజులలోనే పరిపాటి యనుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము వలదు. అహోబిలపు నారసింహునకు కంకణములు సమర్పించినదియు, ఉదయగిరి కృష్ణుని తరలించినదియు అదే చేయి. దేవాలయము రాజాధికారమునకు గుర్తు గనుకనే రాయలు కంకణములిచ్చెను, దేవాలయము రాజాధికారమునకు గుర్తు గనుకనే మురహరిరావు కెంపులను పెరికెను. రాజనీతివాదులు చెప్పున దింతవరకు సత్యము.

అయినను ఇక్కడ ఒక భేదము కలదు. దానిని దాటవేయువారితో నేను కలిసి నడువజాలను. ఉదయగిరి కృష్ణుడు విజయనగరమున మరల కోవెల కట్టించుకొని, అర్చకులతో, నైవేద్యముతో, ఉత్సవముతో పూజలందెను. స్థలము మారినది గాని దైవము దైవముగానే యుండెను. గోలకొండకు పోయిన అహోబిల విగ్రహము మరి యే గుడిలోను ప్రతిష్ఠింపబడినట్లు తెలియదు. అది కొల్లసొమ్ముగా పోయినది. రాజనీతి యను ఒక్క మాటతో ఈ రెండింటిని సమానము చేయుట అర్చకుని కన్నులతో చూడనివాడు చేయు పని. తెల్లవారి తలుపు తీసి, దీపము పట్టుకొని లోపలికి పోయిన ఆ అర్చకునకు ఎదురైన శూన్యమునకు రాజనీతిశాస్త్రమున పేరు లేదు. విగ్రహభంగమును పుణ్యముగా కీర్తించు పరిభాష పారసీక చరిత్రకారులకు సిద్ధముగా నుండెననియు, ఆ పరిభాష కొందరు సేనానులకు ఉత్సాహమునిచ్చి యుండుననియు ఒప్పుకొనవలెను. మాటలు ఉత్త అలంకారములని కొట్టివేయుటకు మనము కవుల అవతారికలను ఉత్త అలంకారములని కొట్టివేయుటలేదు గదా. ఒకచోట పాటించిన కొలతను రెండవచోటను పాటించుటయే న్యాయము.

దానికి తోడు, పారసీక చరిత్రకారులు రామరాయల దండు అహమ్మదునగర సీమలో మసీదులను అవమానించెనని వ్రాసి, 1565 యుద్ధమునకు దానిని ఒక కారణముగా చూపుదురు. అది ఎంత నిజమో, ఎంత సాకో తేల్చుట కష్టము. యుద్ధానంతరము విజయనగరమున విఠ్ఠలాలయము, కృష్ణాలయము, తిరువేంగళనాథుని ఆలయము ఘోరముగా దెబ్బతినగా, విరూపాక్షుని కోవెలలో పూజలు నేటివరకు సాగుచునే యున్నవి. పోయినవానిలో నెక్కువ తుళువ, అరవీటి రాజుల వైష్ణవభక్తితో ముడిపడినవి. ధ్వంసమునకు సయితము కన్నులున్నవని, ఏది ఎవరి రాజ్యలక్ష్మియో ఎరిగియే చేయి పడినదని, ఆ శిథిలములలో తిరిగినవారికి తోచును. ఎరిగి చేసిన పనికి బాధ్యత హెచ్చునే గాని తగ్గదు.

ఇప్పుడు రెండవ పక్షమువారితో ఒక మాట. అహోబిలమును తలచి కన్నీరు పెట్టువారు, రుద్రకవి అగ్రహారమును, గంగాధరకవి కృతిని ఉత్త నటనములని త్రోసివేయుదురు. నటనమునకు ప్రయోజనముండవలెను. తెలుగు కవికి అగ్రహారమిచ్చినందువలన ఇబ్రహీమునకు బీజాపురమునందు గాని, అహమ్మదునగరమునందు గాని గౌరవము పెరుగదు. సేద్యగాండ్రు, కరణములు, దేశముఖులు, నాయకవాడీలు తెలుగువారైన రాజ్యమును నిలుపుకొనుటకు తెలుగు అవసరమే. అయినను అవసరమునకు కావలసినది లెక్కలు వ్రాయు తెలుగు, ప్రబంధము వ్రాయు తెలుగు కాదు. ఆ మిగులు ఎక్కడిదనగా, విజయనగరమున గడచిన యౌవనముది, అభిరుచిది. మూసీమీద పురానాపూల్ వంతెన 1578లో వెలసినది. అహోబిలము 1579లో దోపిడికి గురియైనది. హుస్సేన్‌సాగరము త్రవ్వించిన ప్రభువు, గోలకొండకు రాతికోట చుట్టించిన ప్రభువు, తపతీకథ విన్న ప్రభువు, నారసింహుని కెంపులు అందుకొన్న ప్రభువు ఒక్కడే. ఈ నలుగురిని విడివిడిగా ఎత్తి, మనకు నచ్చిన వానికి దండ వేసి, నచ్చనివానిని పాతిపెట్టుట మన చేత కాదు. కవికిచ్చిన ఊరు దేవుని సొత్తుకు చెల్లు కాదు. దేవుని సొత్తు పోయినందున కవికిచ్చిన ఊరు లేకపోదు.

ఈ విషయమున తెలుగు సామాన్యజనము పండితులకంటె నిష్కపటముగా నున్నది. ఇబ్రహీము వంశమున కడపటివాడగు అబుల్ హసన్ తానీషాను, భద్రాద్రిని తలచుకొనుడు. రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశ్శీలు సొమ్ముతో రామునకు కోవెల కట్టించి, నగలు చేయించి, గోలకొండ చెరసాలలో పడెను. రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలై వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించిరని కథ. కథలో అద్భుతాంశమును చరిత్రకారుడు సాక్ష్యముగా వాడుకొనలేడు. కాని ఆ కథయొక్క కూర్పు చూడుడు. గోపన్నను కొరడాలతో కొట్టించినవాడును తానీషాయే. గోపన్నకే దొరకని రామదర్శనము దొరికినవాడును తానీషాయే. ఏటేట శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పంపు ఏర్పాటు చేసినవాడును తానీషాయే యని మనవారు చెప్పుకొందురు. ఆ మర్యాదను నిజాములు సాగించిరి, తరువాతి ప్రభుత్వములును సాగించుచున్నవి. చెరసాలను చెరిపి ముత్యములను మిగిల్చుకొనలేదు, ముత్యములను చెరిపి చెరసాలను మిగిల్చుకొనలేదు. రామదాసు కీర్తనలు పాడు ప్రతి ఇంటను రెండును కలిసియే వినబడుచున్నవి.

అదే తానీషాకు పట్టిన గతి ఈ వివాదమునకు మరియొక కోణమునిచ్చుచున్నది. అక్కన్న మాదన్నలను మంత్రులుగా నుంచుకొని, అవిశ్వాసులచేతికి రాజ్యమప్పగించెననునది ఔరంగజేబు ఆయనమీద మోపిన నేరములలో నొకటి. 1686లో మాదన్న సోదరులు గోలకొండ వీధులలో హతులైరి. ఎనిమిదినెలల ముట్టడి తరువాత 1687లో కోట పడెను. మల్కిభరాముని వంశము, ఆయన తరువాత ఒక శతాబ్దము దాటిన కొలది యేండ్లకే, హిందువులకు మితిమీరిన చనువిచ్చిన నేరమునకు మరియొక ముసల్మాను చక్రవర్తిచే శిక్షింపబడినది. 1579 నాటి గోలకొండ, 1679 నాటి గోలకొండ ఒకే మతమువారివే. దేవాలయముపట్ల నడవడి మాత్రము ఒకటి కాదు. కాలము, పొరుగురాజ్యము, మంత్రి, ఖజానా, రాజు స్వభావము ఇన్నియు మారినవి గనుక మారినది.

యువపరిశోధకులకు ఒక విన్నపము. మనము ఇంతవరకు కోవెల గోడలను గూర్చియే తగవులాడితిమి. పడెనా, నిలిచెనా, మసీదాయెనా అని. కోవెల బ్రదికెడిది గోడలవలన కాదు, మాన్యమువలన. నందాదీపపు నూనెకును, నిత్యనైవేద్యపు బియ్యమునకును, భోగమువారికిని, డోలువానికిని ఇచ్చిన ఈనాము భూమి ఒక ఏడు ఆగినచో, ఒక్క రాయి కదలకయే దేవుడు పస్తుండును. కుతుబ్ షాహీల కాలమున ఏ గ్రామమున ఏ దేవుని మాన్యము సాగినది, ఏది ఖాలిసాలో కలిసినది, ఏది హవాల్దారు మ్రింగినది, ఏది మరల విడుదలయైనది అను లెక్క ఇంతవరకు ఎవరును సమగ్రముగా తీయలేదు. తీయుటకు సామగ్రి లేకపోలేదు. కాలిన్ మెకంజీ దొర కావలి సోదరులవంటి విద్వాంసుల సహాయముతో కరణములచేత వ్రాయించి కూర్పించిన గ్రామ కైఫియతులు సంపుటములు సంపుటములుగా నున్నవి. వానిలో ఒక ఊరి కరణము పూర్వపు రాజుల మాన్యములు తురకల ప్రభుత్వమున నడచెనని వ్రాసినాడు, మరియొక ఊరి కరణము అర్చన నిలిచిపోయెనని వ్రాసినాడు. పారసీకమునను తెలుగునను జంటగా వ్రాయబడిన ఫర్మానాలున్నవి. ఒక్కొక్క పరగణా చేపట్టి, కైఫియతును శాసనముతోను, శాసనమును ఫర్మానాతోను ఒరసి చూచు పనికి తెలుగును, పారసీకమును రెండును వచ్చినవారు కావలెను. అట్టివారు నేడు మన విశ్వవిద్యాలయములలో వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది. నలుగురు విద్యార్థులకు పారసీకము చెప్పించి, అహోబిలము చుట్టుపట్ల ఊళ్ళ కైఫియతులతోనే పని మొదలుపెట్టించినచో, ఈ స్మారకనిధి ఖర్చు సార్థకమగునని అధ్యక్షులవారికి విన్నవించుకొనుచున్నాను.